తెగని టోకెన్లు

ఇప్పుడు మా పాప రెండుసార్లు తుమ్మితే ఫోన్ చేసి ముగ్గురిని అడుగుతాను. ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మాత్రం ఎవరినీ ఏదీ అడిగేదాన్ని కాదు, నాకు తెలియనిదేమీ లేదని అంత నమ్మకం. (పాప లేచేలోపు ఇది రాసేయాలి.)

డిగ్రీ అయ్యాక ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లి, ఒక చిన్న ప్రైవేటు దవాఖానాలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేషెంట్లు తోసుకోకుండా టోకెన్లు ఇవ్వాలని డాక్టరుగారి భార్య, మేమంతా మేడమ్ అని పిలిచే ఆవిడ, చిన్న ప్రింటర్ తెప్పించారు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మా పాత కంప్యూటర్‌లో ఎక్కలేదు. "సోమవారం పొద్దుగాల టోకెన్లు రాకపోతే నువ్వు గూడ రాకు" అన్నారు మేడమ్. అప్పటికే మా అమ్మ నా ఉద్యోగం సంగతి వీధంతా చెప్పేసింది.

రెండు రోజులు కుస్తీ పట్టి, ఆ సాఫ్ట్‌వేర్ ఊసే లేకుండా అంకెలను యూఎస్‌బీ వైరు గుండా నేరుగా ప్రింటర్‌కే పంపే ప్రోగ్రామ్ రాశాను. ఒక టోకెన్ వచ్చింది. సంబరంలో చేత్తో చింపేసుకుని చూసుకున్నాను. అలా నేరుగా పంపినప్పుడు కాగితం కోయమని కూడా మనమే చెప్పాలని నాకు తట్టనే లేదు.

సోమవారం అడవి దారిలోని ఊరి నుంచి ఒకే ఆటోలో పదకొండు మంది దిగారు. (అందులో అంతమంది ఎలా పట్టారో నన్నడగకండి.) ముందు ఒక అవ్వ, ఆమె చంకలో జ్వరంతో మనవరాలు. పదకొండు టోకెన్లు నొక్కాను. పదకొండూ తెగకుండా, తోరణంలా నేలదాకా దిగాయి. నా గుండె కూడా వాటితోపాటే జారింది. కాంపౌండర్ బాబాయి కట్లు కోసే కత్తెర పట్టుకుని పరుగున వచ్చాడు. అవ్వ అడ్డం చెయ్యి పెట్టింది.

"తెంపకు బిడ్డా. మేమంత కలిసొచ్చినం. గిట్లనే పట్టుకుంటే ఎవలు తప్పిపోరు."

ఒకటో నంబరు తను పట్టుకుని మిగతాది వెనక్కి అందించింది. పదకొండు మందీ ఆ కాగితం పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరే తలుపు దగ్గర తమ ముక్క చింపుకుని లోపలికి వెళ్లారు. వాళ్లను చూసి మిగతా పేషెంట్లు కూడా వరసలో సర్దుకున్నారు.

మేడమ్ బయటికొచ్చి అంత నిశ్శబ్దం చూసి ఆశ్చర్యపోయారు. "గిట్ల కలిపి ఇయ్యమని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నేనే అనుకున్న మేడమ్. లైన్ చెదరకుండా" అన్నాను. బాబాయి దగ్గుతూ కత్తెర జేబులో వేసుకున్నాడు. ఉద్యోగం నిలిచింది.

తర్వాత ప్రింటర్ పుస్తకం చదివి, కోయమనే ఆదేశం గుట్టుగా చేర్చాను. మరో వారం వచ్చిన అవ్వ విడి చీటీని అటూ ఇటూ తిప్పి, మొన్నటి లెక్కనే కలిపి ఇయ్యమంది. ఇక ఆటో నిండా దిగినవాళ్ల కోసం ఆ ఆదేశాన్ని ఆపేసేదాన్ని.

మొన్న ఖమ్మంలో పిల్లల డాక్టరు దగ్గర చక్కగా తెగిన టోకెన్ పట్టుకుని కూర్చున్నాను. నేను సంచిలో థర్మామీటర్ వెతికేలోపు పాప ఆ టోకెన్‌ను నమిలేసింది. నా నంబరెంతో గుర్తు రాలేదు. వెనకున్న అమ్మాయి తన చీటీ చూపించి, "ఏం గాదక్కా, నాది పద్నాలుగు. నా ముందట మీరే" అంది.

కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఆ సోమవారం నాటి నేనైతే, కావాలనే నమిలించానని చెప్పి ఉండేదాన్ని.