తౌసీఫ్ ఫోన్‌లో మొదటి పేరు

కాగజ్‌నగర్ దుకాణాలను గూగుల్‌లో మొదటి వరుసకు ఎక్కించే మొనగాడు తౌసీఫ్. పొద్దున్నే చాయ్ హోటల్లో కూర్చుని, తనను నమ్మిన దుకాణాలను తన ఫోన్‌లోనే వెతికి, అరిగిన బొటనవేలితో తానే నొక్కి, తానే మురుస్తాడు. రోజూ నొక్కేవాటినే ఆ ఫోన్ ముందు చూపుతుందన్న అనుమానం ఆ మహా బుర్రకు రాలేదు. రంజాన్ దగ్గరపడ్డా, అతన్ని నమ్మిన బిస్మిల్లా బీ కుట్టు దుకాణానికి కొత్త గిరాకీ ఒక్కటీ రాలేదు. ఆమె చాయ్ హోటల్‌కే వచ్చి తన ఫోన్ చాపింది.

"నా దాంట్ల చూపియ్యి బేటా."

"లేడీస్ టైలర్" అని కొట్టి ఎంత కిందికి జరిపినా ఆమె దుకాణం కనబడలేదు. తౌసీఫ్ తడబడలేదు. దుకాణం పేరే కొట్టి, పదేపదే నొక్కి, "ఇగో ఖాలా, ఫస్ట్ వచ్చింది!" అన్నాడు.

"అయితే ఊరోళ్ల ఫోన్లన్నీ గిట్లనే గుంజుకొని నొక్కుతవా?"

ఆమె వెక్కిరించింది, అతను సలహా అనుకున్నాడు. మర్నాటి నుంచి చాయ్ హోటల్లో ఎవరు కూర్చున్నా, "భాయ్, జర ఫోన్ ఇయ్యి" అంటున్నాడు.