రెక్క మీది పొక్కు

మొన్న షాద్‌నగర్ పశువుల దవాఖాన నుంచి ఎదురింటావిడ కోళ్లకు మశూచి టీకా తెచ్చుకుని, సీసాతోపాటు ఇచ్చిన కాగితం చదివి పెట్టమంటే కళ్లద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను గాని, ‘వారానికి రెక్క మీద చిన్న పొక్కు వస్తుంది, అది టీకా పట్టిన గుర్తు, భయపడవద్దు’ అన్న చోట కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేశాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఇక్కడికి దగ్గర్లోనే ఒక టీకాల ల్యాబులో పనిచేసేదాన్ని. కొత్తకోట అవతల ఉండే మా అక్కకు, బావ పోయాక కోళ్లే ఆధారం. ఒక వానాకాలం మశూచి వచ్చి అన్నీ పోగా, బతికి బట్టకట్టిన ఒక్క నల్లపెట్ట తల మీది పొక్కును నేను ల్యాబుకు తెచ్చాను. పొదిగిన గుడ్లలోని పిండాల కణాలను సీసాలో పెంచి, వాటి మీద ఆ వైరస్‌ను వేసి, కణాలు చెదరగానే తీసి మరో సీసాలోకి, అందులోంచి ఇంకో సీసాలోకి ఏళ్ల తరబడి మార్చుకుంటూ పోతే, అది సీసాలో బతకడానికి అలవాటుపడి కోడిని చంపే బలాన్ని పోగొట్టుకుంటుంది. మరీ నీరసపడితే టీకా పట్టదు. రెక్క మీద ఒక చిన్న పొక్కు లేవాలి. ఆ పొక్కు మాకు ఎంత మామూలు సంగతి అయిపోయిందంటే, తెలియనివాళ్లకు చెప్పాలన్న ధ్యాసే లేకుండా పోయింది.

ఊళ్లలో వేసి చూడడానికి అనుమతి వచ్చినప్పుడు అక్క ఊరే కావాలని అడిగి మరీ తీసుకున్నాను. ఆమె మళ్లీ పెంచుకున్న నలభై కోడిపిల్లలకు నా చేత్తోనే రెక్కలో సూది గుచ్చి, ఇక వీటికి అమ్మతల్లి రాదని ధీమాగా చెప్పి బస్సెక్కాను.

పొక్కులు చూసుకుందామని పదోరోజు సంబరంగా వెళ్తే వాకిట్లో నల్లపెట్ట ఒక్కటే తిరుగుతోంది.

“రెక్కల మీద పొక్కులు లేశినయి చెల్లె. ఊళ్లె కోళ్లకు అంటుతదని అన్నిటిని నేనే కోసి పూడ్చిపెట్టిన,” అంది అక్క. నా ముఖం చూసి తనే నన్ను ఓదార్చింది. “నువ్వేం ఫికర్ చెయ్యకు. మందు గీసారి కుదరలే, మళ్లొక్కసారి చేద్దువు తియ్.”

కుదిరిందని చెబితే, నిక్షేపంలాంటి పిల్లల్ని తన చేత్తో చంపుకున్నానని ఆమె కుమిలిపోతుందనుకున్నాను. నిజానికి నా తప్పు చెప్పుకునే ధైర్యం నాకు లేదు. ఆ ఓదార్పును తలవంచుకుని తీసుకున్నాను. అక్క ఆ తర్వాత కోళ్లను పెంచలేదు, నిరుడు పోయింది.

కాగితంలో ఆ వాక్యం ఉండాలని పట్టుబట్టి రాయించింది నేనే. ఇప్పుడది ప్రతి సీసాతోనూ ఊరూరా పోతోంది. ఎదురింటావిడ మళ్లీ అడిగితే రెండోసారి చదివి వినిపించాను. వినవలసిన మనిషికి మాత్రం ఒక్కసారైనా చెప్పలేదు.