వాళ్లకు లేని కారు

మా అమ్మ మదనపల్లె సంతలో వంకాయలు కొంటే ప్రతి కాయ తొడిమా ఎత్తి చూసేది. "ఏమమ్మా, పెండ్లిచూపులా?" అని అంగడాయన విసుక్కున్నా వినేది కాదు. నాకు ఆ బుద్ధే వచ్చింది. పుంగనూరు జూనియర్ కాలేజీలో ఇన్నేళ్లు అర్థశాస్త్రం చెబుతున్నాను గానీ, పిల్లలు నన్ను గుర్తుపెట్టుకునేది పాఠాలకు కాదు, నా ప్రశ్నలకు. ఇంటర్ అయిన పిల్లలకు పైచదువుల ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తులు దగ్గరుండి పెట్టించడం నేను నెత్తికెత్తుకున్న పని. దానికి జీతం లేదు, మర్యాద అంతకన్నా లేదు.

ఆ పనిలో ఎవరు చెప్పిన మాటా నేను ఒక్కసారికి నమ్మను. పొలం ఎంత ఉందప్పా అంటే అంతా మెట్టే అంటారు. బోరు ఉందా అంటే ఎండిపోయింది అంటారు. ఎండిన బోరు కింద టమాటా ఎట్లా కాసిందో చెప్పమంటే నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల అబద్ధం నా దగ్గర చెల్లినా గ్రామ సచివాలయం కంప్యూటరు దగ్గర చెల్లదని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. చివరికి నష్టపోయేది పిల్లలు.

పోయిన ఏడు ఒక అమ్మాయికి మదనపల్లెలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. పుంగనూరు దగ్గర పల్లెటూరి పిల్ల. లెక్కల్లో గట్టిది, మాటల్లో మెతక. వేరుశనగ, కాస్త టమాటా పండించుకునే ఇల్లు. ఫీజు ప్రభుత్వం కడితేనే చదువు, లేకపోతే లేదు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మానాన్నలను తీసుకుని వాళ్ల ఊరి సచివాలయానికి రమ్మన్నాను, నేనూ పోయాను.

అక్కడ పనిచేసే అమ్మాయి ఆధార్ నంబరు కొట్టి, తెర చూసి, నా వైపు తిరిగింది.

"వీళ్లకు రాదు మేడం. కారుంది."

నాలుగు చక్రాల బండి ఉన్న ఇంటికి సాయం లేదు, అది నియమం. తల్లి మాత్రం పకపకా నవ్వింది. "మాకు సైకిలే సరిగ్గా లేదు, కారు యాడిదమ్మా? ఇంగోసారి బాగా సూడు."

"మీ ఇంటాయన పేరు మీదే ఉంది" అంటూ ఆ అమ్మాయి బండి నంబరు చదివింది. నేను నా డైరీ వెనక రాసుకున్నాను.

వరండాలో ఉన్నవాళ్లకు పండగయింది. "ఏమన్నా, కారు కొన్నావంటనే, మాకు బొరుగులన్నా పంచలేదే!" అని ఒకాయన ఎత్తుకున్నాడు. అందరూ నవ్వారు. తండ్రి నవ్వలేదు. గడపకు ఆనుకుని, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, గోడ మీది పోలియో చుక్కల పోస్టరు చూస్తూ నిలబడ్డాడు.

నా అనుమానం అక్కడే మొదలైంది. లేనిది ఉన్నట్టు రాస్తే మనిషి ఊరుకోడు. అంతకు ముందు ఏడు ఒకాయన తనది కాని కరెంటు మీటరు తన పేరున ఎక్కిందని బల్ల గుద్ది, సచివాలయం అంతా ఏకం చేశాడు. ఈయన తేలు కుట్టిన దొంగలాగా గమ్మునున్నాడు. పైగా, "పోనీలే మేడం, రాకపోతే పాయె. పాప పుంగనూర్లోనే డిగ్రీ సదువుకుంటాదిలే" అన్నాడు. మరీ తొందరగా అన్నాడు. ఆ పిల్ల తలవంచుకుంది.

"ఇది తప్పైతే అభ్యంతరం పెడదాం. సంతకం పెట్టప్పా" అన్నాను.

"పెడతాలే మేడం. రేపు."

"రేపెందుకు? పెన్ను నా దగ్గరే ఉంది."

"శనక్కాయల పనుండాది" అని లేచి వెళ్లిపోయాడు. లేని కారును లేదని చెప్పడానికి సంతకం పెట్టని మనిషిని నేను అంతవరకు చూడలేదు.

మర్నాడు తల్లి, కూతురు కాలేజీకి వచ్చారు. తల్లి కళ్లు ఉబ్బి ఉన్నాయి. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేరని చూసుకుని మొదలుపెట్టింది.

"మేడమ్మా, ఆయప్ప నెలకోసారి కుప్పం పోతాండాడు. విత్తనాలకంట. విత్తనాలు పుంగనూర్లో దొరకవా? పోయేటప్పుడు ఒట్టి చేతులు, వచ్చేటప్పుడూ ఒట్టి చేతులే. పోయినేడు రేషన్ బియ్యం నిలిచిపాయె. ఏమప్పా అంటే వేలిముద్ర పడలేదు అన్నాడు. నేను పిచ్చిదాన్ని, నమ్మితిని." ఇక ఆపుకోలేక ఏడ్చింది. "ఆడ ఇంగో సంసారం పెట్టినాడేమో. ఆ కార్లో ఎవుతిని తిప్పతాండాడో!"

నిజం చెప్పాలంటే నా బుర్ర ఆమె కంటే ముందే ఆ దారిన పోయి వచ్చింది. అయినా పైకి, "కుప్పంలో మీ వాళ్లెవరూ లేరా?" అన్నాను.

"యాల లేరు? మా తమ్ముడుండాడు. నా సంకలో పెరిగినోడు. వానింటికి పోయింటే వాడు నాకు ఫోన్ చెయ్యడా? బంగారట్లాంటోడు మేడమ్మా. ఇల్లు కట్టినాడు, కారు కొనినాడు, మా అమ్మను బాగా సూసుకుంటాండాడు."

"ఏం కొన్నాడు?"

"కారు. యాల అట్ల సూస్తాండావు?"

నేను తల్లిని వదిలి పిల్ల వైపు తిరిగాను. "మీ మామ కారు ఫోటో ఏదైనా ఉందా నీ ఫోన్లో?"

ఆ పిల్ల ఒకసారి వాళ్లమ్మ వైపు చూసింది. తర్వాత ఫోన్ తీసి నా ముందు పెట్టింది. కుప్పంలో గృహప్రవేశం నాటి ఫోటో. కొత్త ఇంటి ముందు కారు, కారు ముందు హారతి పళ్లెంతో ఈ తల్లి, ముఖం నిండా నవ్వు. నిమ్మకాయల దండ కింద నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది. డైరీ తెరిచి పక్కన పెట్టాను. అదే నంబరు.

"నీకు తెలుసా?" అన్నాను పిల్లతో.

"నిన్న ఆ యక్క నంబరు సదివినప్పుడే తెలిసింది మేడం. నాయిన గమ్మునుండమని కండ్లతోనే సెప్పినాడు."

తల్లి ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూసింది. "దిష్టి తీసింది నేనే గదా" అంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ కథలో ఇల్లు ఏదో, దొంగ ఎవరో నాకింకా తేలలేదు. సాయంత్రం వాళ్ల ఊరికి పోయి ఆ మనిషిని ముందు కూర్చోబెట్టి అడిగాను. ఇక దాచలేదు.

"బామ్మర్ది అడిగినాడు మేడం. వాళ్లింట్లో కారుంటే మా అత్త పింఛను పోతాదంట, కార్డు పోతాదంట. పేరొకటే నీది బావా, బండి నాది అన్నాడు. బామ్మర్ది నోరు తెరిచి అడిగితే ఎట్ల కాదనేది? మా బియ్యం నిలిచిపోయినంక మార్చుకోప్పా అని నెలనెలా పోయి అడగతానే ఉండాను. వచ్చే నెల, వచ్చే నెల అంటాండాడు."

"నాకు యాల సెప్పలా?" అంది భార్య.

"సెప్తే తమ్ముని మీద నీ మనసు విరిగిపోతాదని."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది. "మేడమ్మా, రేపు కుప్పం పోదాం. నేనొక్కదాన్నే పోతే వాడు అక్కా అక్కా అని కాపీ తాపించి పంపిస్తాడు. నువ్వు రావాల."

అభ్యంతరాలకు సోమవారం ఆఖరు. రేపు శనివారం. వస్తున్నామని ముందుగా ఫోన్ చేయొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఫోన్ చేస్తే ఆ తమ్ముడు ఊళ్లో ఉండడని నా నమ్మకం. ఒక మనిషి మీద నాకున్న నమ్మకం అంతే.

పలమనేరు, వి.కోట మీదుగా ఇద్దరం బస్సులో పోయాం. ఆమె దారంతా కిటికీ వైపే చూసింది. కుప్పంలో దిగేసరికి అరవం, కన్నడం, తెలుగు కలగలిపిన అరుపులు, ఎండ. తమ్ముడిల్లు గులాబీ రంగుది. వాకిట్లో కారు, దాని మీద దుమ్ము పడకుండా గుడ్డ. మనిషికి కప్పినట్టు మెడదాకా లాగి కప్పారు.

"అక్కా! సెప్పకుండా వచ్చినావే!" అని ఎదురొచ్చాడు. అన్నం ముందు నుంచి లేచి వచ్చినట్టున్నాడు, చేయి తడిగా ఉంది. నన్ను చూశాడు. నేను కారును చూస్తున్నాను. "కారు సంగతి నేను బావతో మాట్లాడతాలే అక్కా" అన్నాడు.

కారు మాట మేమింకా ఎత్తనేలేదు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"మాట్లాడేదేముండాది?" అంది అక్క. "సోమవారం పొద్దున పుంగనూరు ఆన్‌లైన్ సెంటరుకొచ్చి నీ పేరుకు మార్చుకో. పాప సీటు పోతాండాది."

"అట్లయ్యేది కాదక్కా. నా పేరుకొస్తే అమ్మ పింఛను ఆ నెలే నిలిపేస్తారు. వచ్చే ఏడు చూద్దాం. పాప ఈ ఏటికి డిగ్రీలో చేరితే ఏమైపోతాది? ఆడపిల్లే గదా."

నాకు తల తిరిగిపోయింది. "వచ్చే ఏడు దాకా ఆ సీటును నీ కారు డిక్కీలో దాచిపెడతావా నాయనా?" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. గొంతు మారింది. "మీకేమి మేడం మధ్యలో? ఇంత దూరం వచ్చినారంటే కాలేజీవాళ్లు కమీషనేమన్నా ఇస్తాండారా?"

ఊరందరినీ అనుమానించే నన్ను ఒకడు ఎదురు నిలబడి అనుమానించాడు. మండిపోయింది. నోటికొచ్చింది అనేద్దామని లేచాను. అంతలో లోపలి గడప దగ్గర చేటలో రాగులు చెరుగుతున్న ముసలామె, వాళ్లమ్మ, చేట కింద పెట్టింది.

"ఏమిరా, నా పింఛను కోసమా ఇదంతా?"

"నువ్వు గమ్మునుండమ్మా."

"గమ్మునే ఉండా ఇన్నాళ్లు. కారు కొంటివి, నన్ను ఒగసారి ఎక్కించి గుడికి తీసకపోతివి, సంబరపడితిని. అది నా అల్లుని పేరు మీదని నాకెవురు సెప్పినారు? నా పింఛను అడ్డం పెట్టుకోని నా మనవరాలి సదువు మింగతావా? నన్ను అడిగినావురా?"

ఆమె మోకాళ్లు పట్టుకుని లేచింది. దేవుని పటం కింద మేకుకున్న తాళం చెవి తీసింది. తీసి కూతురి చేతిలో పెట్టింది.

"ఇదో. కారు అల్లునిదంటనే. ఆయప్ప సొమ్ము ఆయప్పకే ఇయ్యి."

"అమ్మా! ఎవరు తోలతారే దాన్ని?" అని కొడుకు అరిచాడు.

"తోలకపోతే ఆడ్నే ఉండనీ. పేరు వాళ్లదైతే తాళమూ వాళ్లదే."

నేను సంపాదించిన చదువంతా కలిపినా అంత సూటి మాట నాకు తట్టి ఉండేది కాదు. అక్క తాళం చెవిని కొంగున ముడేసింది, రెండు ముళ్లు వేసింది. మేం కాపీ తాగకుండానే బయల్దేరాం. తమ్ముడు వీధి మలుపు దాకా, "అక్కా, అక్కా" అంటూ వచ్చి ఆగిపోయాడు.

తిరుగు బస్సులో ఆమె నోరు విప్పింది. "ఆయప్పను ఏమేమో అనుకుంటిని మేడమ్మా. ఇంగో ఆడదని." నేను కూడా అనుకున్నానని చెప్పలేదు. నా మనసులో మరో పురుగు తొలుస్తోంది. ఏ కారుకైనా రెండు తాళం చెవులుంటాయి. రెండోది ఆ తమ్ముడి బీరువాలో ఉండే ఉంటుంది. మేం పోగానే దాన్ని తీసి మీసం దువ్వుకుని కారెక్కుతాడు, సోమవారం ఎవడూ రాడు. ఆ మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. పుంగనూరు బస్టాండులో భర్త కాచుకుని ఉన్నాడు. ఆమె ముడి విప్పి తాళం చెవి అతని చేతిలో పెట్టి, "ఇదో, నీ కారు" అంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. ఆ వాలకం చూసి ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

సోమవారం పొద్దున్నే నేను ఆన్‌లైన్ సెంటరు ముందు నిలబడి దారి చూస్తున్నాను, రాడనే ధీమాతో. తమ్ముడు వచ్చాడు. బస్సు దిగి, చెమటలు కక్కుతూ, నడిచి వచ్చాడు. బావ పక్కన నిలబడి వేలిముద్ర వేశాడు, ఆయనా వేశాడు. బండి పేరు మార్పుకు పెట్టిన రసీదు తీసుకుని నేరుగా సచివాలయానికి పోయాం. అభ్యంతరం ఎక్కించారు. అక్క అతనితో మాట్లాడలేదు గానీ, మధ్యాహ్నం సంకటి పెట్టింది. రెండో తాళం చెవి సంగతి నేను అతన్ని అడగలేదు.

కొన్ని వారాలకు ఆ పిల్ల పేరు పక్కన అర్హురాలు అని వచ్చింది. సెలవు పెట్టి ఎవరికైనా మిఠాయి పంచాలనిపించింది. పంచలేదు, ఇంకా డబ్బు పడాలి కదా అనుకున్నాను.

ఆ తర్వాత ఒక నెల ఒకటో తేదీన, పొద్దున పుంగనూరులో బస్సు దిగగానే కుప్పం ముసలామె గుర్తొచ్చింది. పింఛను ఇంటికి తెచ్చిచ్చే రోజది. కొడుకు ఆమెను ఏమన్నా అంటున్నాడేమో, అన్నం దగ్గర లెక్క చూస్తున్నాడేమో అని నాకు అనుమానం. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"పింఛను వచ్చిందా అవ్వా?"

"లేదమ్మా. నిలిపేసినారు. పక్కింటామెకు ఇచ్చి పోయినారు."

"మీ అబ్బాయి ఏమన్నా అంటున్నాడా? దాచకుండా చెప్పు."

"వాడేమంటాడులే. నా కొడుకే గదా. అది సరే గానీ, బిడ్డ కాలేజీ బస్సు ఎక్కతాండాదా?"

రోడ్డు అవతల మదనపల్లె పోయే కాలేజీ బస్సు ఆగి ఉంది. ఆ పిల్ల మెడలో కార్డు వేసుకుని అప్పుడే ఎక్కింది.

"ఎక్కిందవ్వా."

"ఊరికే సెప్తాండావా? నీ కండ్లతో సూసినావా?"

"ఇప్పుడే చూశాను, నా ఎదురుగానే ఉంది."

"నిలబడిండాదా, కూసోనుండాదా? మల్లా ఒగసారి సూడు."

నేను రోడ్డు దాటి, బస్సు పక్కకు పోయి, మునివేళ్ల మీద లేచి మళ్లీ చూశాను. కిటికీ పక్కనే కూర్చుందని చెప్పాను. అప్పుడు గానీ ఆమె ఫోన్ పెట్టలేదు.