బేస్తవారం, చంద్రుడు, రెండు

మొన్న ధర్మవరంలో మా అక్క కూతురి ఇంట్లో కూర్చొని, తిరుగు ప్రయాణానికి రైలు టికెట్టు తీసుకుందామని ఫోను చేతికి తీసుకున్నాను. రాత్రి పన్నెండు దాటాక వచ్చే బండి అది. ఇప్పటి ఫోన్లలో గంటలూ నిమిషాలూ గిలకలాగా గిరగిరా తిరిగి మనం కోరినచోట ఆగుతాయి కదా, అక్కడిదాకా బాగానే ఉంది కానీ, తేదీ దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. ఈ రాత్రి అని నేను అనుకునేది ఫోను లెక్కలో రేపు. నేను అదే పనిగా వేళ్ల మీద లెక్క పెట్టుకోవడం చూసి అక్క మనవరాలు, ఇంత చిన్న విషయానికి తాత ఇంత ఆలోచిస్తాడేమిటని నవ్వింది. ఆ పిల్లకు ఏం చెప్పను?

నేను పుట్టు పిరికివాణ్ని. మా ఇంట్లో భయం కరెంటుతో పాటే వచ్చింది. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో పొలాలకు కరెంటు వంతుల మీద వచ్చేది, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పెనుకొండ దగ్గర మా ఊళ్లో రాత్రి వంతు వచ్చిందంటే మా నాయన బ్యాటరీ లైటు పట్టుకొని బోరు దగ్గరికి పోయేవాడు, ఆయన తిరిగి వచ్చి కాళ్లు కడుక్కున్న చప్పుడు వినిపించేదాకా ఇంట్లో ఎవరికీ కునుకు పట్టేది కాదు. పాములకంటే, తేళ్లకంటే మాకు స్టార్టరు పెట్టె అంటేనే హడలు. దానికి కారణముంది. నేను చదువుకునే రోజుల్లోనే మా చిన్నాయన బోరు దగ్గర తీగ సరిచేస్తుండగా, ఆయన ఆ పనిలో ఉన్నట్టు తెలియక ఎవరో స్టార్టరు నొక్కారు. ఎవరు నొక్కారన్నది మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. మా నాయన మాత్రం ఆ తర్వాత బతికినన్నాళ్లూ స్టార్టరును తన చేత్తో తాకలేదు.

చిన్నాయన దినాలు ముగిసిన వెంటనే మా అవ్వ ఒక కట్టడి పెట్టింది. మోటరు మీద, తీగ మీద ఎవరు చెయ్యి వేయాలన్నా ముందు మూడు ఫ్యూజులూ పీకి ఇంటి ఆడమనిషి చేతికి ఇవ్వాలి. ఆమె వాటిని కొంగున ముడేసుకోవాలి. పని ముగించి ఆ మనిషి వచ్చి తన ఎదురుగా నిలబడితేగానీ ముడి విప్పకూడదు, పని అయిపోయిందని ఎవరో వచ్చి చెబితే చాలదు. పిలిచినా, తిట్టినా, కరెంటు పోతోందని గోల పెట్టినా సరే. అవ్వ తర్వాత ఆ ముడి మా అక్కకు వచ్చింది. అక్కను మేనమామ కొడుక్కిచ్చి ఇల్లరికం తెచ్చుకున్నారు కాబట్టి, నాయన పోయాక ఆ సేద్యమంతా బావదే అయింది.

నేను చదువు ముగించి హిందూపురంలో ఉద్యోగంలో చేరాను. ఉద్యోగమంటే పెద్ద కంపెనీ అనుకునేరు, ఒక మేడ మీద రెండు గదులు, మా యజమాని, నేను, రెండు కంప్యూటర్లు. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది, సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే రైతుల చొక్కా జేబుల్లోకి వస్తున్నాయి. బోరు దగ్గరికి పోకుండా ఇంట్లోనుంచే ఫోనుతో మోటరు వేసే పెట్టె ఒకటి తయారుచేయాలని మా యజమాని పూనుకున్నాడు. పెట్టె ఆయన పని, ఫోనులో నడిచే ప్రోగ్రాము నా పని. రైతు ఫోనులో వారం, వేళ ఎంచుకుంటే అది మెసేజిగా పోయి పెట్టెలో నిలుస్తుంది. ఆ వేళకు కరెంటు లేకపోతే పెట్టె కాచుకొని ఉండి, కరెంటు రాగానే మోటరు వేస్తుంది. అది రైతులు ఏరి కోరి అడిగిన సౌకర్యం.

అంతా కుదిరింది, వేళ ఎంచుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది. రైలు టైములాగా పద్నాలుగు గంటలు, ఇరవై గంటలు అంటే మావాళ్లకు పట్టదు, ఏఎమ్ పీఎమ్ అంటే ఏది పగలో ఏది రాత్రో తెలియదు, ఆ బుల్లి తెరల మీద తెలుగు అక్షరాలు కనబడవు. వారాలనైతే ఇంగ్లీషు అక్షరాలతోనే బేస్తవారం, సుక్కురవారం అని రాశాను. పగటికి సూర్యుణ్ని, రాత్రికి చంద్రుణ్ని బొమ్మలుగా పెట్టాను. వారం, బొమ్మ, గంట, అంతే. అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు కూడా చకచకా నొక్కుతుంటే మా యజమాని నా భుజం తట్టాడు. మొదటి పెట్టెల్లో ఒకదాన్ని మా బోరుకే బిగించాము, పైగా బావ నంబరు నుంచి తప్ప ఇంకెవరి నంబరు నుంచీ మాట వినకుండా కట్టుదిట్టం చేశాము.

బావ మురిసిపోయాడు. మంచం మీద పడుకొని మోటరు వేసే వైభోగం మా వంశంలో ఎవరికి దక్కింది? కానీ ఒకసారి నేను ఊరికి పోయినప్పుడు, ఫోనులో ఆపేశాను కదా, ఇంకా ఈ ఫ్యూజుల తంతు ఎందుకని ఆయన అక్కను ఆటపట్టించడం, ఫ్యూజులు పీకకుండానే తీగ మీద చెయ్యి వేయడం నా కళ్లారా చూశాను. పైగా బావకు తీగ మీది తొక్కను పళ్లతో ఒలిచే అలవాటు.

ఇక ఆ బేస్తవారం సంగతి. పొద్దున ఆఫీసు తెరిచిన కాసేపటికి అక్క ఫోను చేసింది, ఊరి బస్టాపు అంగడిలోని రూపాయి ఫోను డబ్బా నుంచి. బోరు మూతి దగ్గర కేబుల్ అతుకు కాలిపోయిందట, బావ ఇద్దరు కూలీలను వెంటబెట్టుకొని ఆ పనిలోనే ఉన్నాడట, ఇంట్లో ఉన్న టేపు చాలీచాలకుండా ఉందట, సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకో చుట్ట తెమ్మని. ఈ వారం కరెంటు పది గంటలకు వస్తుందని, ఆలోపల అతుకు వేయాలని బావ హడావిడిగా ఉన్నాడని చెప్పింది. తర్వాత మాటల్లో మాటగా, నీ పెట్టె కూడా సరిగ్గా లేదు చూడమంది.

“పోయిన బేస్తవారం పొద్దున్నే మీ బావ రాత్రికి నొక్కినాడు. బేస్తవారం, చంద్రుడు, రెండు. మోటరు ఆడనే లేదు. కరెంటు రాలేదేమోనని ఊరికే అయినాము.”

విన్న మరుక్షణం నాకు లెక్క అర్థమైంది. మనకు వారం మారేది పొద్దు పొడిచాక. బేస్తవారం రాత్రి రెండంటే, బేస్తవారం అన్నం తిని పడుకున్నాక వచ్చే రెండు. ఫోనుకు అలా కాదు, దానికి వారం అర్ధరాత్రే మారిపోతుంది. బావ నొక్కేసరికి ఫోను లెక్కలో ఆ వారపు బేస్తవారం తెల్లవారుజాము రెండు ఎప్పుడో దాటిపోయింది. అందుకని ఆ మాటను పెట్టె మళ్లీ బేస్తవారం దాకా దాచుకుంది. అంటే మనం నిన్న రాత్రి అనుకునే ఈ రెండు గంటలకే అది మేలుకొని ఉంటుంది, కరెంటు లేదు కాబట్టి కాచుకొని ఉంటుంది, పది గంటలకు కరెంటు రాగానే మోటరుకు వదులుతుంది. అప్పుడు ఆ తీగ మా బావ పళ్ల మధ్య ఉంటుంది.

ఫ్యూజులు పీకారా అని నేను అడిగేలోపలే అక్క వేసిన రూపాయి అయిపోయి లైను తెగింది. ఆ డబ్బాకు తిరిగి చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. బావ ఫోను స్విచ్ఛాఫ్, రాత్రి ఇంట్లో కరెంటు లేక ఛార్జింగు అయిపోయి ఉంటుంది. ఆ పెట్టె ఆయన నంబరు మాట తప్ప వినదు, దానికలా నేర్పింది మేమే. మా యజమాని తన మోటారు సైకిలు తాళం నా చేతిలో పెట్టి, కరెంటాఫీసు నంబరు కోసం ఎవరెవరికో ఫోన్లు చేయసాగాడు.

హిందూపురం నుంచి పెనుకొండ దారి నాకు కొత్త కాదు, వారం వారం బస్సులో కునికిపాట్లు పడుతూ పోయే దారే. ఆ రోజు మాత్రం బండి వేగం ఎక్కడా తగ్గించకుండా పోయాను. చిన్నాయనను మంచం మీద ఇంటికి తెచ్చినప్పుడు ఆయన చేతివేళ్లు ఎలా ఉన్నాయో అన్నేళ్లు మరిచిపోయాననుకున్నాను, మరవలేదు. సోమందేపల్లి దాటి కొంత దూరం పోయాక రోడ్డు పక్క పొలంలో ఒక పైపు దగ్గి, బురద కక్కి, తెల్లగా నీళ్లు పోయడం మొదలుపెట్టింది. దాని అవతల ఇంకొకటి. ఆ మలుపులో మరొకటి. కరెంటు వచ్చేసింది. బోరులో నీళ్లు కనబడితే దండం పెట్టుకునే జిల్లా మాది, వేరుశనగ ఎండిపోతుంటే ఒక్క తడికోసం ఏడ్చినవాళ్లం. అలాంటిది, నీళ్లను చూసి నేను ఏడ్చింది ఆ ఒక్క రోజే. పొలాలన్నీ వరసగా నీళ్లు పోస్తుంటే, వెనక్కి తిరిగి పారిపోదామా, చూడకుండా ఉందామా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

మా పొలం గట్టున బండి పడేసి పరుగెత్తాను. మా పైపు ఒక్కటే ఎండి ఉంది. అది మంచికో చెడుకో తెలియలేదు. బోరు దగ్గర ముగ్గురు మనుషులు వంగి దేన్నో చూస్తున్నారు, అందులో బావ ఉన్నాడో, కింద ఉన్నాడో తెలియలేదు. నేను అరిచానట, ఏమని అరిచానో నాకు తెలియదు. మధ్యలో నుంచి బావ తల పైకెత్తాడు, నోట్లో తీగ ముక్క.

“ఏమబ్బా, అప్పుడే వస్తివే. టేపు తెచ్చినావా?”

కానుగ చెట్టు నీడన కూర్చున్న అక్క లేచి వచ్చింది. ఫ్యూజులు యాడ అని మాత్రం అడగగలిగాను. ఆమె కొంగు చివర ఎత్తి చూపింది, పిడికిలంత ముడి. బస్టాపుకు నడిచిపోయి నాతో ఫోనులో మాట్లాడినంతసేపూ అవి ఆ ముడిలోనే ఉన్నాయి. మొగుడు ఎంత ఎగతాళి చేసినా, ఆ పొద్దున ఆయన పనిముట్ల సంచీ విప్పకముందే ఆమె ఫ్యూజులు పీకి ముడేసుకుంది. చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు, పొయ్యి వెలిగించానని ఎవరైనా ఫోనులో చెబుతారా?

నేను స్టార్టరు పెట్టె తెరిచి చూపించాను. లోపల, ఫ్యూజులకు ముందునుంచే కరెంటు తీసుకునే మా పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. పెట్టె తన మాట ప్రకారం మోటరు వేసే ఉంది, మధ్యలో ఫ్యూజులు లేక ఆడలేదు, అంతే. బావ ఆ దీపాన్ని చూసి, నోట్లోని తీగ ముక్కను మెల్లగా చేతిలోకి తీసుకున్నాడు. అక్క మాత్రం నా వైపు తిరిగి, కోపం లేకుండానే అంది.

“ఫోన్తో ఆడే పెట్టె నువ్వు చేసినావు, సరే. మనిషి నాకు గావల్ల గదరా.”

ఆ తర్వాత చంద్రుణ్ని తీసేశాను. వారాలూ తీసేసి, ఇప్పటినుంచి ఇంకా ఎన్ని గంటలకు మోటరు ఆడుతుందో తెరమీద చూపించేలా మార్చాను, నొక్కినవాడు అవునంటే తప్ప మెసేజి పోదు. మా యజమాని అది అందరి ఫోన్లలోనూ ఊరూరా తిరిగి మార్పించాడు. ఆ పెట్టెలూ పోయాయి, ఆ ఫోన్లూ పోయాయి. ఇప్పుడు పొలానికి పగలే కరెంటు, రాత్రి కాపలాలు లేవు, పిల్లలు హాయిగా నిద్రపోతారు. మంచిదే. కానీ మనం పొద్దు పొడుపుతో మొదలుపెట్టే రోజును అర్ధరాత్రికి ఎప్పుడు అప్పగించేశామో గుర్తే లేదు, వెనక్కి తిరిగి అడిగేవాళ్లు కూడా లేరు. బావ పోయిన ఏడు నిద్రలోనే పోయాడు, నెమ్మదిగా, ఆయన మంచం మీదే. అప్పటినుంచి అక్క ధర్మవరంలో కూతురి దగ్గరే ఉంటోంది.

మొన్న నేను ఆ టికెట్టు తీసుకోకముందే ధర్మవరం ఇంట్లో ఫ్యాను ఆగిపోయి, కరెంటు పని చేసే అబ్బాయి వచ్చాడు. గోడలోని తెల్ల పెట్టెలో ఒక చిన్న మీట కిందికి దించి, ఇంక భయం లేదవ్వా అని నిచ్చెన ఎక్కాడు. అందులో పీకడానికి ఫ్యూజులు లేవు. అక్క లేచి, గోడ పట్టుకొని నడిచి, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. మోకాళ్ల నొప్పులు, కూర్చోమని కూతురు ఎంత చెప్పినా కదల్లేదు. ఆ అబ్బాయి పని ముగించి, నిచ్చెన దిగి, తనంతట తానే వచ్చి ఎదురుగా నిలబడ్డాక, అతణ్ని ఒకసారి ఎగాదిగా చూసి, అప్పుడు చెయ్యి తీసింది.