ఏటికి కాళ్ల నీళ్లు

పాత ఇంటి జాగాలోనే కట్టుకుంటున్న మా కొత్త ఇంటికి తలుపులు బిగిస్తున్న వడ్రంగి, నా మాట విని ఉలి పక్కన పెట్టాడు.

"ఎత్తితే ఊడొచ్చేటట్ల పెట్టాల్నా? దొంగలకు అల్కగైతది కదన్నా!"

వేపచెక్క వాసనకు మా అవ్వ గుర్తొచ్చింది.

మా ఊరు తుంగభద్ర ఒడ్డున. నా చిన్నప్పుడు ఏరు పొంగుతున్నదని చాటింపు వేసిన రోజు, పక్కింటి పెద్దనాయన తలుపులకు తాళం వేసి, గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టాడు. అవ్వ మాత్రం ముందు తలుపులూ వెనక తలుపులూ ఊడదీయించి బండికెత్తించింది.

"తలుపుల్లేకుంటే ఏరు ఇంట్లకొస్తది గదనే అవ్వా?"

"వస్తది బిడ్డా. ఆపితే ఆగుతదా? ఇట్లొచ్చి అట్ల పోతది."

చుట్టాలొస్తున్నారన్నంత తాపీగా చెప్పింది. నేనూ అట్లాగే అనుకున్నాను. ఇంటికొచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లియ్యాలని నేర్పింది అవ్వే. అందుకే, అందరూ బండెక్కుతుంటే చెంబు నిండా నీళ్లు తెచ్చి ముందు గడప పక్కన పెట్టాను.

ఏరు తగ్గాక మిట్ట మీది బడి నుంచి దిగి వచ్చాం. పెద్దనాయన ఇంటి ముందు గోడ నీళ్ల తాకిడికి కూలిపోయి ఉంది. మా గోడలు నిలబడే ఉన్నాయి గానీ, ఇల్లంతా మోకాలిలోతు ఒండ్రు. చెంబు వెనక గుమ్మం దగ్గర బురదలో దొరికింది.

"కాళ్లు కడుక్కోకనే వచ్చిందవ్వా!" అని ఏడుపుముఖం పెట్టాను.

"రానీ బిడ్డా. పోయింది గద, సాలు," అంది అవ్వ, పార అందుకుంటూ.

వడ్రంగికి ఇదంతా చెప్పలేదు. వెనక తలుపు కూడా అట్లాగే పెట్టమన్నాను.