మంచం మీద గరిటె దెబ్బ

ఆదివారం పొద్దున్నే మా స్కూలు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "వార్డెనమ్మ గారు పోయారండీ. సొంతూరు పామర్రు తీసుకెళ్తున్నారు." నాకు చూపు లేదు, నా జంటకు వినికిడి లేదు. ఆ కబురు ఆమె అరచేతిలో వేలితో రాశాను.

మా హాస్టల్లో చూపు లేని పిల్లకు వినపడని పిల్లను జంట కట్టేవారు. మెస్‌కి వెళ్లినా, గుణదల తిరునాళ్లకు వెళ్లినా చేతులు పట్టుకునే నడవాలి. మా ఇనుప మంచాలన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉండేవి. తెల్లారగానే వార్డెనమ్మ చివరి మంచాన్ని గరిటెతో ఒక్కటి కొట్టేవారు. మాకు మోత, వాళ్లకు అదురు. "ఒక్కొక్కర్నీ లేపడానికి నాకేం పనీపాటా లేదా?" అనేవారు. ఆవిడ నోటికి జడవని వాళ్లు లేరు.

నేను ఏడో తరగతిలో ఉండగా బుడమేరు పొంగింది. భోజనాల వేళ నీళ్లు లోపలికొచ్చాయి. అందరినీ మేడ మీదికి తోశారు. ఆ తొక్కిడిలో నా జంట చెయ్యి జారిపోయింది. పైకొచ్చాక ఎంత తడిమినా దొరకలేదు.

"అమ్మా, నా జంట లేదు!" అని ఏడ్చాను. కింద సామాన్లు తేలి గోడలకు కొట్టుకుంటున్నాయి. పేరు పెట్టి పిలిచి ఏం లాభం?

మేడ మీది ట్యాంకు నుంచి కింది గదులకు ఇనుప గొట్టాలుండేవి. వార్డెనమ్మ ఒక్కో గొట్టానికి ఒక్కో పిల్లను చెవి ఆనించమన్నారు. నాకు వంటగది గొట్టం వచ్చింది. "నోళ్లు మూసుకుని వినండర్రా. మీకంటే బాగా వినేవాళ్లు ఈ ఊళ్లో లేరు" అని, మంచాన్ని కొట్టినట్టే గరిటెతో గొట్టాలను వరసగా కొట్టి ఆగారు.

ఏమీ లేదు. మళ్లీ కొట్టారు. నీళ్లు మెట్లెక్కుతున్నాయి. నా గుండె చప్పుడే నాకు అడ్డమొస్తుంటే దాని మీద కోపమొచ్చింది. ఇంకోసారి కొట్టాక, నా చెవిలో సన్నగా టక్ టక్.

"వంటగదిలో ఉందమ్మా!"

ఆవిడ నీళ్లలోకి దిగారు. చాలాసేపు నీళ్ల మోత తప్ప ఏమీ వినపడలేదు. చివరికి దగ్గు, ఆ వెనకే తిట్లు. అంత తీయటి తిట్లు నేను మళ్లీ వినలేదు. తడిసిన చెయ్యి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "మళ్లీ వదిలావో, వీపు చిట్లగొడతా" అన్నారు.

పామర్రు బస్సులో అలాగే చెయ్యి పట్టుకుని వెళ్లాం. ఆవిడను వసారాలో ఐస్ పెట్టెలో ఉంచారు. నా జంట పెట్టె అంచు మీద టక్ టక్ మని కొట్టి, నేను పట్టుకున్న ఆ చెయ్యి అక్కడే ఆనించి ఉంచింది. తర్వాత నా అరచేతిలో వేలితో అడిగింది: వినపడిందా?

వంగి పెట్టెకు చెవి ఆనించాను. మోటారు ఒక్కటే మోగుతోంది. ఎవరో లెమ్మంటున్నా లేవకుండా, ఇంకాసేపు విన్నాను.