కాళ్ళు కడుక్కునే కుళాయిల దగ్గర మా వదిన

నిన్న పొద్దున్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నీలంగా మెరిసే ఈతకొలను, దాని వెనక కొబ్బరిచెట్లు, వాటి వెనక సముద్రం. ఈ వేసవికి అందరం ఇక్కడికి పోదామా అని నెల్లిమర్లలో ఉండే మా పిన్ని కొడుకు అడిగాడు. అడగడమే తరువాయి, బొటనవేళ్ళూ చప్పట్లూ పువ్వులూ కురిశాయి. నేను మాత్రం రానని రాశాను. ఎందుకని అడిగితే, "అక్కడి కుళాయిలు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది" అని రాశాను. వరసగా ప్రశ్నార్థకాలు వచ్చిపడ్డాయి. బడిపిల్లల మీద కూడా గొంతెత్తకుండా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. నాకు ఒళ్ళు మండుతుందన్న సంగతి పాపం వాళ్ళకెలా తెలుస్తుంది?

మా నాన్న విజయనగరంలో సంగీతం మాస్టారు. మా ఇంట్లో పాటకి తప్ప ఎవరూ గొంతెత్తేవారు కాదు. కూరలో ఉప్పెక్కువైతే నాన్న ఇంకాస్త మజ్జిగ పోసుకుని లేచిపోయేవారు. అలాంటి ఇంటికి గజపతినగరం దగ్గరి రైతుల ఇంటినుంచి మా వదిన కోడలై వచ్చింది. వచ్చిన కొత్తలోనే నీళ్ళు కలిపిన పాలవాడిని వీధిలో నిలబెట్టి ఆ పాలు వాడిచేతే తాగించింది. ముసలాయన పూర్తిగా దిగకముందే బస్సు కదిలించినందుకు ఒక కండక్టర్ని ఆర్టీసీ కాంప్లెక్స్ చేరేదాకా తిట్టింది. ఆమె గొంతు లేవగానే మా అన్నయ్య మొహానికి పేపరు అడ్డం పెట్టుకునేవాడు, నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. చిత్రమేమిటంటే ఆమె పోట్లాడి తెచ్చినవన్నీ, వీధిలైటు దగ్గర్నుంచి నా ఆగిపోయిన ఇంక్రిమెంటు దాకా, మేమిద్దరం మెత్తగా కూర్చుని అనుభవించాం. అంత నోరు ఆడదానికి మంచిది కాదని కూడా అనుకునేవాళ్ళం.

అన్నయ్య రిటైరైన ఏడాది ఆయన ఆఫీసు స్నేహితులు శ్రీకాకుళం జిల్లా ఒడ్డున ఒక రిసార్టులో విందు పెట్టి, మమ్మల్ని కూడా రమ్మన్నారు. ఆ తీరం పేరు రాయను, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. సాయంత్రానికి ఆ ఇసక మీద తిరనాళ్ళే. బజ్జీల బళ్ళు, నిప్పుల మీద పేలే మొక్కజొన్న పొత్తులు, ఇసకని చిమ్ముకుంటూ రొద చేసే నాలుగు చక్రాల బళ్ళు, గుండెల్లో గుద్దినట్టు పాటలు. నల్లకళ్ళద్దాలు పెట్టిన ఒక గుర్రం మీద పెళ్ళికాని కుర్రాళ్ళు వంతులవారీగా ఫొటోలు దిగుతున్నారు. అబద్ధమెందుకు, నాకు అదంతా సరదాగానే ఉంది. వదినకి తలనొప్పి వచ్చింది. మర్నాడు పొద్దున్నే, "ఈ గోల నాను పడలేను, ఎటైనా నడుద్దాం రా" అని నన్ను లేపి తీసుకుపోయింది.

ఒడ్డు వెంబడే ఉత్తరంగా నడిచాం. సరుగుడు తోట దాటి, మోకాలి లోతు నీళ్ళు పారే గెడ్డ దాటేసరికి పాటలు వినపడటం మానేశాయి. అవతల చిన్న పల్లె. ఒడ్డున బోర్లించిన తెప్పలు, ఎండుతున్న వలలు, గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా తోచిందో చెప్పలేను. కాస్త లోపలికి, ఇసకలో తవ్విన చెలమ చుట్టూ ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. ఊరిన నీళ్ళని ఒక పెద్దావిడ కొబ్బరిచిప్పతో తోడి పోస్తోంది. వదిన దోసిలి పట్టింది.

"నివ్వు తాగలేవు తల్లీ," అంది పెద్దావిడ. "ఉప్పు కసం. మునుపు కొబ్బరి నీల్లలాగుండేవి. ఆ పక్కన రిసాటోలు బోరుబాయిలు ఏసినకాడ్నించీ ఇలగైపోనాది."

వదిన తాగి ఉమ్మేసింది. నేనూ నోట్లో పోసుకున్నాను. నాలుక వెనకదాకా ఉప్పు పట్టేసింది. "మరి మంచినీల్లో?" అని వదిన అడిగితే, ఆవిడ దూరంగా తారురోడ్డు వైపు చేయి చూపించింది. ఆ రోడ్డవతల ఊరికి పోయి మోసుకురావాలట. నాకు అప్పుడు తోచిన మాట "అయ్యో" ఒక్కటే. వదిన మాత్రం రిసార్టు కేసి తిరిగి నిలబడింది. సముద్రంలోంచి వచ్చినవాళ్ళు కాళ్ళ ఇసక కడుక్కుందుకని రిసార్టు వాకిట వరసగా కుళాయిలూ షవర్లూ పెట్టారు. రాత్రి పిల్లలు వాటిని కట్టకుండానే వదిలేసి పోతుంటే మేమిద్దరం చూశాం. ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయి, నేనే పుక్కిలించాను.

"బిందెలట్టుకుని నా ఎనక రండి," అంది వదిన.

వాళ్ళు వెనకాడారు. పెద్దావిడ వద్దంది కూడా. మా వదిన ఎప్పుడు విన్నది గనక? నలుగురైదుగురు లేచారు, చివరికి పెద్దావిడా లేచింది. రిసార్టు వాకిట సెక్యూరిటీ అబ్బాయి అడ్డం వస్తే, "ఈలు మా సుట్టాలు. మాకిక్కడ గది ఉన్నాది. కాల్లు కడుక్కుంటారు, తప్పేటి?" అని వదిన కుళాయి తిప్పి బిందె పెట్టింది. మొదటి బిందె నిండింది. రెండోది సగం అయ్యేసరికి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. గెస్టులకి ఇబ్బంది మేడం అన్నాడు. "ఆలకి కాల్లకి నీల్లు కావాల, ఈలకి గొంతులోకి కావాల. ఎవులికి ఇబ్బంది బాబూ?" అంది వదిన. అతను లోపలికి పోయి అసలు గొట్టమే కట్టేయించాడు.

కుళాయిలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒళ్ళంతా ఇసకతో షవర్ల కింద నిలబడ్డవాళ్ళు గోల పెట్టారు. ఆ గోల మేనేజరు మీద కాదు, ఆ ఆడవాళ్ళ మీద. ఎవరో "చేపల కంపు" అన్నారు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. అంతలో అన్నయ్య స్నేహితులతో వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నయ్య తలొంచుకుని, "ఇంక వచ్చెయ్యి, అందరూ చూస్తున్నారు" అన్నాడు. "సూడనీండి. సూడ్డానికే కదేటి వచ్చినారు" అంది వదిన. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు. ఆడవాళ్ళు ఒక నిండు బిందె, ఒక సగం బిందె, తక్కినవి ఖాళీవి ఎత్తుకుని గెడ్డ వైపు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం విందులో అన్నయ్యకి శాలువా కప్పారు. ఆ పూట వదిన అన్నం ముట్టలేదు.

కొన్నాళ్ళకి వదిన మళ్ళీ ఆ పల్లెకి వెళ్తానంటే నేనూ బస్సెక్కాను. పెద్దావిడ గుమ్మంలోనే నిలదీసింది. "ఎవులడిగేరమ్మా నిన్ను? మా కోడలు ఆ రిసాటులో గదులు తుడిసేది. ఆ మర్నాడే పనిలోంచి తీసీసినారు. నివ్వు బస్సెక్కీసి ఎల్పోతావు, మావిక్కడే ఉండాల గదా?" ఇంకా చాలా అంది. జీవితంలో ఒకరి చేత మాట పడని మా వదిన చేతులు కట్టుకుని అంతా విన్నది. తర్వాత తిన్నగా రిసార్టుకి పోయి మేనేజర్ని బతిమాలింది. వదిన బతిమాలడం కూడా నాకు కొత్తే. అతను కుర్చీ వెయ్యకుండానే పంపించేశాడు. ఆపైన నీళ్ళ కోసం ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి ట్యాంకరు వచ్చింది. అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. కోడలు రొయ్యలు వలిచే షెడ్డుకి పోతోంది, చల్లనీళ్ళలో నాని నాని వేళ్ళ చర్మం ఊడిపోయింది. రిసార్టుకి మాత్రం రెండో కొలను వచ్చింది.

ఏటా ఒకసారైనా మేమిద్దరం ఆ పల్లెకి వెళ్ళేవాళ్ళం. పెద్దావిడ ముందు తిట్టేది, తర్వాత చాప పరిచేది, వచ్చేటప్పుడు ఎండు మెత్తళ్ళ చేపలు పొట్లం కట్టి వదిన సంచిలో కుక్కేది. ఇప్పుడు వదినకి బీపీ. కోపం మానకపోతే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మాత్రలేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది, పాలు నీళ్ళగా ఉన్నా మాట్లాడదు. ఆమె ఊరుకోవడం చూస్తుంటే మా అన్నయ్య మీద, ఆ శాలువా మీద, వంటింట్లోకి తప్పుకున్న నా మీద నాకే ఎక్కడలేని కోపం ముంచుకొస్తోంది. పోయిన నెల ఒక్కదాన్నే వెళ్ళాను. పెద్దావిడ వదిన గురించి అడిగి, విని, "మరి నివ్వైనా సెప్పవేటి ఆలకి?" అంది. వెళ్ళాను. రిసార్టు వాకిట నిలబడి నా గొంతు ఎంతవరకు లేస్తుందో అంతవరకూ ఎత్తాను. సెక్యూరిటీ అబ్బాయి నన్ను ఆటో ఎక్కించాడు. మళ్ళీ వెళ్తాను. నాకు కోపం రావడానికి అరవై ఏళ్ళు పట్టింది, మిగిలిన కాలం దానికి చాలుతుందో లేదో.